మూసిన ద్వారము

ప్రమాదమను మాట మనకు సంస్కృతమునుండి వచ్చినది. ఆ భాషలో దానికి ముఖ్యార్థము అజాగ్రత్త, ఏమఱుపాటు. విద్య ముగించుకొని యింటికి బోవు శిష్యునకు ఉపనిషత్తులోని గురువు పలుమారులు చెప్పు హితవు, సత్యమునందును ధర్మమునందును ఏమఱి యుండవలదనియే. ఆ యేమఱుపాటునకే అచ్చట ప్రమాదమని పేరు. తెలుగున నీ మాట క్రమముగా నర్థము మార్చుకొన్నది. గని కూలినను, కార్ఖానా కాలినను, విషవాయువు ఊరిపై బడినను ప్రమాదము జరిగినదని మనమందుము. కారణమునకు గల పేరును కార్యమునకు బెట్టి, కారణమును మఱచితిమి. అంతటితో నాగక, ఎవరి తలవ్రాత యెట్లున్నదో యని నిట్టూర్చి, పత్రిక మడిచి ప్రక్కన బెట్టుదుము. ఆ పాతయర్థమును చదువరులకు మరల జ్ఞప్తికి దెచ్చుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇందులకై చరిత్రనుండి నాలుగు ఘట్టములను దీసికొందము. ఒకటి ఇంగ్లండులోని బొగ్గుగని, రెండవది న్యూయార్కు నగరములోని కుట్టుపని కార్ఖానా, మూడవది భోపాలు, నాలుగవది మన విశాఖపట్టణము. దేశములు వేఱు, కాలములు వేఱు, ప్రాణముదీసిన వస్తువు వేఱు. అయినను నాలుగింటిని ఒక్క ప్రశ్న యడిగి చూడవచ్చును. లోనివారు ప్రాణములతో బయటపడుటకు ద్వారముండెనా? ఉండినచో దానినెవరు మూసిరి?

ఇంగ్లండునకు ఉత్తరపుకొనను నార్తంబర్లండు అను మండలము కలదు. అందు న్యూ హార్ట్లీ యను పల్లె హెస్టరు గనిని నమ్ముకొని బ్రదుకుచుండెను. మన సింగరేణి ప్రాంతపు పనివారు గనిని బాయి యందురు. ఆ మాట యిచ్చట చక్కగా నతుకును; గనికి దారి నిజముగా నొక బావియే. హార్ట్లీ బావి వెడల్పు 12 అడుగులు, లోతు సుమారు 600 అడుగులు. మనుష్యులు దిగుటయు నెక్కుటయు ఆ బావి గుండనే. బొగ్గు పైకి వచ్చుటయు దాని గుండనే. లోన నూరు నీటిని తోడు గొట్టములును అందే యుండెను. నిలువున నొక కొయ్యతడిక నడ్డముగా బెట్టి, ఒక ప్రక్కనుండి మంచిగాలి దిగునట్లును, రెండవ ప్రక్కనుండి చెడుగాలి యెక్కునట్లును ఏర్పఱచి యుండిరి. అనగా నేలలోని యా లోకమునకు ముక్కు, నోరు, వాకిలి, మూడును ఒక్కటియే.

1862వ సంవత్సరము జనవరి 16వ తేదీ గురువారము ఉదయము పదిన్నర గంటల వేళ అచ్చట పని మారు సమయమయ్యెను. రెండవ జట్టువారు దిగి యుండిరి. మొదటి జట్టువారిలో కొలదిమంది మాత్రమే పైకి వచ్చి యుండిరి. కావున సాధారణముగా నుండువారికి రెట్టింపు జనము ఆ సమయమున లోనుండెను. అప్పుడు బావి పైనున్న నీటియంత్రముయొక్క పోతయినుప దూలము నడిమికి విఱిగెను. దాని బరువు 40 టన్నులకు పైబడినది. అందు సగము బావిలో బడి, కొయ్యతడికను చీల్చుకొని పోయి, దారిని పూర్తిగా పూడ్చివేసెను. ఆ సమయమున పైకి వచ్చుచుండిన బోనులోని 8 మందిలో 5గురు చనిపోయిరి. క్రింద 199 మంది చిక్కుకొనిరి.

పైనున్నవారు రాత్రింబవళ్లు త్రవ్విరి. ఆఱు దినములకు గాని దారి దొరకలేదు. దిగినవారికి లోపల పెనుగులాట గుర్తులు కనబడలేదు. తండ్రుల ప్రక్కను కొడుకులు, అన్నల ప్రక్కను తమ్ములు, వరుసలుగా గూర్చుండి నిదురించుచున్నట్లుండిరి. గాలి తిరుగుట యాగిపోగా లోన పేరుకొన్న విషవాయువు వారిని మెల్లగా చంపినది. అచ్చట దొరకిన యొక చిన్న పుస్తకములోని వ్రాతవలన, వారు శుక్రవారము మధ్యాహ్నము వఱకు బ్రదికియుండి, అందఱును గూడి ప్రార్థన చేసికొనిరని తెలియవచ్చెను. మొత్తము చనిపోయినవారు 204 మంది. అందు బాలురును గలరు.

దూలము విఱుగుట యెవరును ఊహింపనిది కావచ్చును. ఆ మాట నంగీకరింతము. కాని ఒక్క దారి మూసికొనిపోయినచో లోనివారి గతి యేమగునో యూహించుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. రెండవ బావిని త్రవ్వుటకు విశేషముగా ధనము వ్యయమగును. ఒక్కదానితో పని జరుగుచుండగా రెండవదెందులకని యజమానుల లెక్క. ఆ లెక్కలో లోనికి దిగువారి ప్రాణము ఒక పద్దుగా చేరలేదు.

భారతములోని లక్కయింటి కథ మన యిండ్లలో నెఱుగనివారు లేరు. ఇల్లు కాల్చబడునని తెలిసినపుడు విదురుడు పాండవులకు ఓదార్పుమాటలు పంపి యూరకుండలేదు. త్రవ్వకపుపని తెలిసిన ఖనకుని బంపెను. వాడు నేలలో బిలము త్రవ్వి రెండవ దారి చేసెను; పాండవులు బ్రతికిరి. ఆ రాత్రియే అదే యింట నొక నిషాదస్త్రీయు ఆమె కొడుకు లైదుగురును కాలిపోయిరి. బిలమున్నదని వారితో నెవరును చెప్పలేదు. కథ వినువారు పాండవులు బయటపడిరని సంతోషింతురు గాని, ఆ యాఱుగురి సంగతి యడుగువారు తక్కువ. పాఠశాలలో మేమీ కథ చెప్పునపుడు పిల్లలు కూడ ఆ యాఱుగురిని దాటి ముందునకు బోవుటయే తఱచు. రెండవ దారి యుండుట యొకటి. అది యున్నదని అందఱకును తెలియుట మఱియొకటి. చదువరు లీ భేదమును గుర్తుంచుకొన వేడుచున్నాము. భోపాలు సంగతి చెప్పునపుడు దీనితో పని కలదు.

హార్ట్లీ వార్త విని ఇంగ్లండు దేశమంతయు కన్నీరు పెట్టెను. అంతకు ముందు నెలలోనే భర్తను పోగొట్టుకొనిన విక్టోరియా రాణి ఆ పల్లెలోని విధవలకు తన సంతాపమును దెలిపెను. వారి పోషణకై ప్రజలిచ్చిన చందాలు 80,000 పౌనులకు మించెను. ఇది దయ. దీనిని మేము చులకన చేయము. కాని మరణవిచారణకు గూర్చుండిన పంచాయతీవారు అంతకంటె మేలైన పని యొకటి చేసిరి. పనిజరుగు ప్రతిగనికిని రెండవ బావి యుండి తీరవలెనని తమ తీర్పులో గట్టిగా వ్రాసిరి. ఆ సంవత్సరమే ఆగష్టు 7వ తేదీని శాసనము వచ్చెను. క్రొత్త గనులకు రెండు దారులు వెంటనే యుండవలెను. పాతవానికి 1864 చివర వఱకు గడువు. కాలక్రమమున నీ నియమము ఇతర దేశములకును వ్యాపించి, మన దేశపు బొగ్గుగనుల నిబంధనలలోనికిని వచ్చినది. చందా హార్ట్లీలోని విధవలకు అన్నము పెట్టెను. శాసనము ఇతర పల్లెలలోని స్త్రీలను విధవలు కాకుండ కాపాడెను. విపత్తు తరువాత జరుగవలసిన పనులు రెండనియు, వానిలో రెండవదానిని మఱచుట సులభమనియు ఈ మొదటి ఘట్టము మనకు నేర్పుచున్నది.

రెండవ ఘట్టమునకు వత్తము. న్యూయార్కు నగరమున వాషింగ్టను చౌకమునకు సమీపమున ఆష్ భవనమను పదియంతస్తుల మేడ యుండెను. దాని మీది మూడంతస్తులలో ట్రయాంగిల్ అను కంపెనీవారు స్త్రీలు తొడుగు చొక్కాలు కుట్టించుచుండిరి. పనివారు సుమారు 500 మంది. వారిలో ఎక్కువమంది ఐరోపానుండి వలసవచ్చిన యూదుల పిల్లలు, ఇటలీవారి పిల్లలు. కొందఱికి పదునాలుగేండ్లు కూడ నిండీనిండక యుండెను. 1909లో న్యూయార్కు కుట్టుపని స్త్రీలు వేలకొలదిగా పని మాని వీథులలోనికి వచ్చిరి. వారడిగినవి కూలి, పనిగంటలు మాత్రమే కావు. పనిచోట తలుపులు తాళము వేయకుండవలెననియు, నిప్పు పుట్టినపుడు దిగుటకు సరియైన నిచ్చెనలుండవలెననియు కోరిరి. ఈ కంపెనీవారు పనివారి సంఘముతో నొడంబడిక చేసికొనలేదు.

1911 మార్చి 25వ తేదీ శనివారము సాయంకాలము, పని ముగియుటకు కొలది నిమిషములున్నదనగా, ఎనిమిదవ యంతస్తులో గుడ్డపీలికల తొట్టియందు నిప్పు పుట్టెను. అచ్చటివారు టెలిఫోనులో పదియవ యంతస్తునకు వార్త చెప్పిరి. యజమానులుండినది ఆ యంతస్తుననే. వారు మిద్దెమీది దారిని బయటపడిరి. నడుమనున్న తొమ్మిదవ యంతస్తునకు వార్త చేరలేదు, నిప్పే చేరెను. ఆ యంతస్తునకు రెండు మెట్లదారులుండెను. ఒకదానిని మంటలు క్రమ్ముకొనెను. రెండవదాని తలుపునకు తాళము వేసియుండెను. ఎందులకనగా, పనివారు గుడ్డముక్కలు దొంగిలించి పోవుదురేమో యని, సాయంకాలమున అందఱిని ఒక్క తలుపు గుండనే పంపి వారి సంచులు వెదకుట అచ్చటి వాడుక. వెలుపలి యినుపనిచ్చెన జనుల బరువునకు వంగి విఱిగి పడెను. అగ్నిమాపకదళము వచ్చెను గాని వారి నిచ్చెనలు ఆఱవ యంతస్తునకు మించి యందలేదు. లిఫ్టు నడుపువారు తమ ప్రాణములకు తెగించి పలుమార్లు పైకి బోయి, పట్టినంతమందిని దించిరి. మిగిలినవారిలో పలువురు కిటికీలనుండి దుమికిరి. అరగంటలోపల 146 మంది చనిపోయిరి. వారిలో 123 మంది స్త్రీలు.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆ మేడ నిప్పునకు లొంగనిదని పేరొందినది. ఆ పేరు అబద్ధము కాదు. మంటలాఱిన తరువాత గోడలు చెక్కుచెదరక నిలిచియుండెను. నేటికిని నిలిచి విశ్వవిద్యాలయమునకు తరగతి గదులుగా నున్నది. కట్టినవారు గోడలకు నిప్పుసోకకుండ జాగ్రత్తపడిరి. గోడల నడుమ కూర్చుండి కుట్టువారిని గూర్చి ఆ జాగ్రత్త లేదు.

యజమానులిద్దఱిపై ఆ సంవత్సరము డిశంబరులో విచారణ జరిగెను. ఆ క్షణమున తలుపునకు తాళమున్నదని యజమానులకు తెలిసియుండెనని నిశ్చయమైన గాని వారిని దోషులనరాదని న్యాయమూర్తి జ్యూరీవారికి బోధించెను. వారు విడుదలయైరి. 1914లో చనిపోయినవారి కుటుంబములకు దావాల మూలమున దక్కినది ఒక్కొక్క ప్రాణమునకు 75 డాలర్లు. నడుమ 1913లో, ఆ యజమానులలో నొకడు తన మఱియొక కార్ఖానాలో మరల తలుపునకు తాళము వేయించి పట్టుబడెను. వానికి పడిన జుల్మానా 20 డాలర్లు. న్యాయస్థానమువలన వాడు నేర్చుకొనిన పాఠము ఎంతటిదో దీనివలన స్పష్టమగుచున్నది.

కాని కథ యంతటితో ముగియలేదు. ఆ సాయంకాలము ఫ్రాన్సెస్ పెర్కిన్సు అను యువతి సమీపమున నొక యింట తేనీటి విందులోనుండి, గోల విని పరుగెత్తుకొని వచ్చి, స్త్రీలు దుముకుటను కన్నులార చూచినది. ఆ విపత్తుపై లేచిన ప్రజాందోళన మూలముగా 1911 జూనులో న్యూయార్కు రాష్ట్రము కార్ఖానాల విచారణ సంఘము నొకదానిని ఏర్పఱచెను. రాబర్టు వాగ్నరు దాని యధ్యక్షుడు. ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. పెర్కిన్సు ఆ సంఘము తరఫున కార్ఖానాలను పరీక్షించెను. సభ్యులను బల్లలచుట్టు కూర్చుండనీయక కార్ఖానాలకు తీసికొనిపోయెను. ఒకచోట నిప్పు పుట్టినపుడు తప్పించుకొను దారి యని గోడలో నొక చిన్న కంత చూపిరి. ఆమె వాగ్నరు చేతనే ఆ కంతలో దూరించెను. వెలుపల మంచుగడ్డ కట్టిన నిచ్చెన యుండెను. అది నేలకు 12 అడుగుల పైననే ఆగిపోయియుండెను. కాగితముమీద అదియు నొక ద్వారమే! చట్టము చేయువాడు దానిలో ప్రాకి చూచిన దినమున చట్టము మాఱెను. ఆ సంఘము కృషివలన కొలది యేండ్లలో 30కి పైగా శాసనములు వచ్చినవి. పనిజరుగుచుండగా తలుపులు తాళము వేయరాదు. తలుపులు వెలుపలికి తెఱచుకొనవలెను. నిప్పు పుట్టినపుడు ఎట్లు దిగవలెనో పనివారిచే ముందుగా అభ్యాసము చేయింపవలెను. ఎత్తైన మేడలలో నీరు తానై చిమ్ము గొట్టములుండవలెను. పెర్కిన్సు 1933లో అమెరికా దేశపు కార్మికశాఖామంత్రిణి యయ్యెను; ఆ దేశపు మంత్రివర్గమున చేరిన మొదటి స్త్రీ యామెయే.

హార్ట్లీలో ద్వారము లేదు. న్యూయార్కులో ద్వారముండియు తాళముండెను. ఇక మూడవ ఘట్టమున ద్వారమను మాటకే మఱియొక యర్థము చెప్పుకొనవలసియున్నది. విషవాయువునకు గోడలు లేవు, తలుపులు లేవు. ఊరియందంతటను అది పఱచుకొనునపుడు తప్పించుకొను దారి యేది? తెలిసికొనుటయే దారి. ఏమి వచ్చుచున్నది, ఎటునుండి వచ్చుచున్నది, ఎటు పోవలెను, ఏమి చేయవలెను అను నాలుగు సంగతులు తెలిసినవానికి దారి యున్నది, తెలియనివానికి లేదు. లక్కయింటి నిషాదస్త్రీకి లేనిది ఈ తెలివియే.

భోపాలు నగరమున యూనియన్ కార్బైడు కంపెనీవారి పురుగుమందుల కార్ఖానా యుండెను. దాని గోడప్రక్కనే బీదల బస్తీలు. అచ్చట మిథైల్ ఐసోసయనేటు అను ద్రవమును పెద్ద తొట్లలో నిలువచేసి యుంచెడివారు. నీరు తగిలినచో అది పొంగి వేడెక్కి విషమై లేచును. కాబట్టి దానిని చల్లగా నుంచవలెను. 1984 డిశంబరు 2వ తేదీ రాత్రి 610వ నంబరు తొట్టిలోనికి నీరు చేరినది. ఎట్లు చేరెననుటపై వివాదము కలదు. పైపులు కడుగునపుడు వచ్చినదని కొందఱు, ఒక పనివాడు కావలెనని చేసినాడని కంపెనీవారు చెప్పిరి. ఈ వివాద మెట్లు తేలినను మా ప్రశ్నకు సంబంధము లేదు. నీరు చేరినను ఊరిని కాపాడుటకు ఏర్పాటులుండెను గదా, అవి యేమైనవి? చల్లబఱచు యంత్రమును ఆ యేడు జూనులోనే ఆపివేసియుండిరి. వెలువడు వాయువును కాల్చివేయు స్తంభమునకు పోవు గొట్టము విప్పియుండెను. నీటిచిమ్ములు వాయువు లేచినంత యెత్తునకు అందలేదు. సుమారు 40 టన్నుల విషము నిదురించు నగరముపైకి వెడలినది.

ఊరివారికి వినబడు ప్రమాదపుకూత కొద్దిసేపు కూసి ఆగిపోయెను. అది మరల బిగ్గరగా కూయునప్పటికి వేలకొలది జనులు కన్నులు మండుచు, ఊపిరాడక, చీకటిలో వీథులలో పరుగిడుచుండిరి. ఆ వాయువు గాలికంటె బరువైనది, నేలనంటి పోవును. కావున పిల్లలు ముందు కూలిరి. పరుగెత్తినవారు అధికముగా పీల్చి అధికముగా చెడిరి. ముఖమున తడిగుడ్డ కప్పుకొని, గాలికి అడ్డముగా తొలగిపోయినచో పలువురు బ్రతికియుందురు. ఈ చిన్నసంగతిని ఆ బస్తీలలో నెవరికిని ముందుగా చెప్పియుండలేదు. ఆసుపత్రులకు వచ్చినవారికి చికిత్స చేయు వైద్యులకే ఆ విషమేదో తెలియదు. ఆ రాత్రి భోపాలు రైల్వేస్టేషనులో ఉప స్టేషను సూపరింటెండెంటుగా నున్న గులాం దస్తగీర్ పై యధికారుల యనుమతికై వేచియుండక, నిండుగా జనమున్న రైలును వేళకు ముందే సాగనంపి, ఇరుగుపొరుగు స్టేషనులకు వార్త పంపెను. వార్త తెలిసిన యొక్కమనుష్యుడు ఎన్ని ప్రాణములకు ద్వారము తెఱవగలడో చూడుడు.

ముందుగా తెలియదనుటయు సరికాదు. 1981లో అదే కార్ఖానాలో ఫాస్జీను అను విషము సోకి ఒక పనివాడు చనిపోయెను. 1982లో అమెరికానుండి వచ్చిన కంపెనీ పరీక్షకులే లోపములను పట్టిక వ్రాసిరి. అదే సంవత్సరము రాజ్‌కుమార్ కేస్వానీ యను స్థానిక పత్రికారచయిత ఊరికి ముప్పు రానున్నదని పలుమార్లు వ్రాసెను. విదురుని మాట విన్నవారుండిరి. కేస్వానీ మాట విన్నవారు లేరు.

ప్రభుత్వము మొదట లెక్కించిన తక్షణమరణములు 2,259. తరువాత మరణములని యొప్పుకొని పరిహారమిచ్చినవి 5,295. బాధితుల సంఘములవారు చెప్పు లెక్క దీనికి అనేక రెట్లు. గాయపడినవారు 5,58,125 మంది యని 2006లో ప్రభుత్వమే న్యాయస్థానమునకు తెలిపినది. ఇక తరువాతి కథ వినుడు. 1985లో నొక చట్టము చేసి, బాధితులందఱి పక్షమున దావావేయు హక్కును కేంద్రప్రభుత్వము తనయందే యుంచుకొనెను. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు యెదుట 47 కోట్ల డాలర్లకు రాజీ జరిగెను. గాయపడినవారిలో అత్యధికులకు మొదట దక్కినది తలకు 25,000 రూపాయలు. క్రిమినలు కేసున 2010 జూను 7వ తేదీని, అనగా విపత్తు జరిగిన ఇరువదియైదేండ్లకు పైగా గడచిన పిదప, కంపెనీలోని భారతీయ యధికారులకు రెండేండ్ల శిక్ష పడెను. వెంటనే జామీనుపై బయటకు వచ్చిరి. అమెరికాలోని కంపెనీ యధ్యక్షుడు విచారణకు రాకయే 2014లో మరణించెను. పరిహారము పెంచుమని ప్రభుత్వము వేసిన కడపటి యర్జీని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసెను. కార్ఖానా ప్రాంగణమున పడియుండిన విషపు చెత్తలో 337 టన్నులను తరలించినది 2025 జనవరిలో. ఆ రాత్రి పుట్టిన బిడ్డకు అప్పటికి నలువదియేండ్లు నిండినవి.

హార్ట్లీ తరువాత ఏడు మాసములలో ద్వారమేర్పడెను. భోపాలు తరువాతను చట్టములు రాకపోలేదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. ఆ యేడే సుప్రీంకోర్టు, అపాయకరమైన పరిశ్రమ నడుపువాడు దానివలన కలుగు హానికి ఏ సాకును చెప్పక పూర్తిగా బాధ్యుడని తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఢిల్లీలోని యొక ఆమ్లవాయువు కేసున వచ్చినది. 1987లో కార్ఖానాల చట్టమును సవరించి, అపాయకరమైన పని చేయు యజమాని తన కార్ఖానాలోని యపాయములను, వానినుండి తప్పించుకొను విధమును పనివారికే కాక చుట్టుప్రక్కల ప్రజలకును చెప్పి తీరవలెనని విధించిరి. మా యభిప్రాయమున భోపాలు మృతుల మూలమున మనకు లభించిన ద్వారము ఇదియే. తాళము తీసి దీనిని వాడుకొంటిమా?

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మూడుగంటల వేళ విశాఖపట్టణపు శివారున వెంకటాపురము ప్రజలు నిదురించుచుండిరి. కరోనా వ్యాధి కారణమున మార్చి చివరినుండి దేశము స్తంభించియుండెను. ప్రక్కనున్న ఎల్జీ పాలిమర్సు కార్ఖానాయు ఆగియుండెను. ఆగిన కార్ఖానాలో నిలువయున్న స్టైరీను అను ద్రవము ఆగి యుండదు గదా. అదియు చల్లగా నుండవలసిన వస్తువే. తొట్టిలో వేడి పెరిగి, ఆవిరి లేచి ఊరిపై బడెను. జనులు లేచి పరుగెత్తుచు వీథులలో, కాలువగట్లను సొమ్మసిల్లి పడిరి. పోలీసులును స్థానికులును ఇల్లిల్లు తిరిగి తలుపులు తట్టి పలువురిని మోసికొనిపోయిరి. 12 మంది చనిపోయిరి. వందలకొలది ఆసుపత్రుల పాలైరి. రాష్ట్రప్రభుత్వము చనిపోయినవారి కుటుంబములకు ఒక్కొక్క కోటి రూపాయలిచ్చెను. విచారణకై ఏర్పడిన యున్నతాధికార సంఘము చెప్పినదేమనగా: చల్లబఱచు యంత్రమును రాత్రులందు ఆపివేయుచుండిరి, తొట్టి యడుగున మాత్రమే వేడి కొలుచు సాధనముండెను గాని పైభాగమున లేదు, ప్రమాదపుకూత కూయించుటకు కార్ఖానాలో 36 చోట్ల ఏర్పాటుండియు, ఆ రాత్రి ఒక్కచోటను దానిని కూయింపలేదు.

ముప్పదియాఱు చోట్ల! ద్వారములకు కొదువలేదు. తెఱచినవారు లేరు.

ఇచ్చట కొందఱు చెప్పు ఆక్షేపణలను విచారింతము. మనుష్యుడన్న తర్వాత పొరపాటు చేయకుండునా యందురు. నిజమే. న్యూయార్కున గుడ్డపీలికలలో పడినది ఎవరో కాల్చి పాఱవేసిన సిగరెట్టుముక్క కావచ్చును. ఇనుప దూలము విఱుగవచ్చును. గొట్టములో నీరు పోవచ్చును. మనుష్యుడేమఱును, వస్తువు చెడును. అందుకొఱకే గదా రెండవ దారి! ఏమఱుపాటు లేని లోకమున ద్వారముతో పనియే లేదు. మొదటి తప్పు క్షణకాలపుది; అది నిజముగా ప్రమాదము. రెండవ తప్పు అట్టిది కాదు. రెండవ బావి త్రవ్వకుండుట, తలుపునకు తాళము వేయుట, చల్లబఱచు యంత్రమును ఆపుట, ఊరివారికి సంగతి చెప్పకుండుట, ఇవి యన్నియు పగటివేళ కూర్చుండి లెక్కవేసి నిశ్చయించినవి. వీనికి ప్రమాదమను పేరు కూడ తగదు.

మఱికొందఱు, ఇన్ని నియమములు పెట్టినచో పరిశ్రమలు మన దేశమున నిలువవు, బీదలకు పని దొరకదందురు. 1862లో రెండవ బావిని గూర్చియు, 1911 తరువాత తెఱచిన తలుపులను గూర్చియు వ్యయము భరింపరానిదను మొఱ వినబడకపోలేదు. ఇంగ్లండున బొగ్గుపని ఆగలేదు. న్యూయార్కున కుట్టుపని ఆగలేదు. చల్లబఱచు యంత్రమును ఆపి మిగుల్చుకొన్న విద్యుచ్ఛక్తి వెలను, ఆ తరువాత దేశము మోసిన భారముతో పోల్చి చూచినచో, పొదుపు ఎవరిదో నష్టమెవరిదో తెలియగలదు. ఆ పొదుపు ఒకరి ఖాతాలో చేరినది. నష్టము వేఱొకరి యింట పడినది.

ఇక కర్మ యనువారు. కర్మసిద్ధాంతముపై మాకు తగవు లేదు. కాని ఆ సిద్ధాంతము, చేసినవాడు ఫలమనుభవించునని చెప్పును. తాళము వేసినవాడు మిద్దెమీది దారిని దాటిపోవగా, కుట్టుపని చేసిన పిల్ల కిటికీనుండి దుమికినచో, ఇందు ఎవరి కర్మకు ఎవరు ఫలమనుభవించిరి? శాస్త్రము పేరు చెప్పి లెక్కాపద్దులలోని తప్పును కప్పుట శాస్త్రమునకును అపచారమే.

చదువరులలో పలువురు కార్ఖానాకు దూరముగా నుండు గృహస్థులు. మాకిందు చేయదగినదేమి యని వారడుగవచ్చును. మన పొయ్యిలోని బొగ్గు, ఒంటిమీది బట్ట, పంటకు చల్లు మందు, వంటింటిలోని ప్లాస్టికు గిన్నె, ఈ నాలుగును మేము చెప్పిన నాలుగు చోట్ల తయారగు జాతివస్తువులే. విపత్తు వచ్చినపుడు చందా వేయుట మనకు బాగుగా అలవాటైనది. విపత్తు రాకముందు ప్రశ్న వేయుట ఇంకను అలవాటు కాలేదు. మన యూరిప్రక్క కార్ఖానాలో నిలువయున్న వస్తువేమి? అది వెలువడినచో ఏమగును? కూత ఎప్పుడు కూయును, దానిని కడపటిసారి పరీక్షించినదెప్పుడు? కూత వినబడినపుడు ఎటు పోవలెను? ఈ ప్రశ్నలను పంచాయతీ సభలోను, పురపాలక సంఘములోను, పాఠశాల వార్షికోత్సవమున వేదికమీద కూర్చుండు అధికారినిగూడ అడుగవచ్చును. చట్టముల పేర్లు మాఱుచుండును. అడుగువారు లేనిచోట ఏ చట్టమును తనంత తాను తలుపు తెఱవదు.

మా పాఠశాలవంటి పాఠశాలలలోను మేడలున్నవి, మెట్లున్నవి. వెనుకతట్టు మెట్లదారికి తాళము వేసి, ఆ తాళపుచెవి యెవరియొద్దనున్నదో తెలియక యుండుట మన దేశమున వింత కాదు. చదువరులు రేపు తమ పిల్లలను బడిలో దింపునపుడు, ఆ రెండవ మెట్లదారి తలుపును ఒక్కసారి తోసి చూడుడు. తెఱచుకొనకున్నచో అచ్చటనే నిలిచి, తెఱచువఱకు కదలకుడు.